అద్దెకిచ్చిన ఫ్లాట్ మీద లోన్ తీసుకొని ఉండటానికి ఇల్లు కొనొచ్చా?

మీరు అడిగింది ఇదీ. మియాపూర్‌లో 2014లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 40 లక్షలకు కొన్న 2 బీహెచ్‌కే ఉంది. ఇద్దరి పేరు మీదా ఉంది. ఇప్పుడు 80 లక్షలు పలుకుతోంది, పాత హోమ్ లోన్ ఇంకా 9 లక్షలు మిగిలింది, నెలకు 22 వేలు అద్దె వస్తోంది. మీరు ఉండటానికి తెల్లాపూర్ వైపు 1.30 కోట్లకు రెడీగా ఉన్న 3 బీహెచ్‌కే చూశారు. చేతిలో 15 లక్షలున్నాయి. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.90 లక్షలు చేతికొస్తాయి. మియాపూర్ ఫ్లాట్ అమ్మకుండా దాని మీద లోన్ తీసుకొని డౌన్ పేమెంట్ కట్టేయొచ్చా?

సూటిగా చెప్తాను. తీసుకోవచ్చు, బ్యాంకులు ఇస్తాయి కూడా. కానీ మీ అంకెలకు దాన్ని పదిహేనేళ్ళ అప్పుగా పెట్టుకోవడం లాభం కాదు. ఏడాది లోపు తీర్చేసే అప్పుగా వాడుకొని, కొత్త ఇంట్లోకి మారాక మియాపూర్ ఫ్లాట్ అమ్మేయండి. నేను హైదరాబాద్‌లోనే ఒక బ్యాంకు లోన్ల విభాగంలో చాలాకాలం పనిచేసి బయటికొచ్చాను, ఇప్పుడు తెలిసినవాళ్ళకు ఇలాంటి ఫైళ్ళు చూసి పెడుతుంటాను. అమ్మమంటే ఎవరికీ నచ్చదని నాకూ తెలుసు. అందుకే లెక్క మొత్తం ఇక్కడే వేస్తాను, మీరే చూసుకోండి.

ముందు అసలు ఎంత కావాలి? 1.30 కోట్లు ఇంటి ధర. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 9.75 లక్షలు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన రెడీ ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. కబోర్డులు, కిచెన్, ఏసీలు, షిఫ్టింగ్‌కు 8 లక్షలు వేశాను, నిజానికి ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. మొత్తం దాదాపు 1.48 కోట్లు.

75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కు ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. 30 లక్షల లోపు లోన్‌కు 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా ఇవ్వొచ్చు. మీ ధరకు గరిష్ఠంగా 97.5 లక్షలు వస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, అది పూర్తిగా మీ జేబులోంచే. అంటే 50 లక్షలు మీరు తేవాలి. 15 ఉన్నాయి, 35 తక్కువ.

ఇప్పుడు మియాపూర్ ఫ్లాట్ ఎంతిస్తుంది? చాలామంది 80లోంచి 9 తీసేసి 71 లక్షలు ఉన్నాయనుకుంటారు. బ్యాంకు అలా చూడదు. ప్యానెల్ వాల్యూయర్ వచ్చి పన్నెండేళ్ళ బిల్డింగ్‌కు తరుగు తీసి, మీ వాటాకు వచ్చే స్థలం ఎన్ని గజాలో చూసి, 70 రాస్తే మంచివాడే. మార్ట్‌గేజ్ లోన్‌కు దాని మీద మామూలుగా 60 శాతం అటూఇటూ ఇస్తారు, అంటే 42. అందులో పాత బాకీ 9 పోతే చేతికి 33 లక్షలు. మీకు కావలసినదానికి దగ్గరే, కానీ కాస్త తక్కువ.

ఈఎంఐలు చూద్దాం. హోమ్ లోన్ 8 శాతం, ఇరవై ఏళ్ళు అనుకుంటే 97.5 లక్షలకు 81,500. మార్ట్‌గేజ్ లోన్ వడ్డీ ఎప్పుడూ హోమ్ లోన్ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ, గడువు తక్కువ. 9.5 శాతం, పదిహేనేళ్ళు వేస్తే 42 లక్షలకు 43,900. రెండూ కలిపి 1,25,400.

మీ జీతం 1.90 లక్షలు. అద్దెలో బ్యాంకు మొత్తం లెక్కేయదు, అరవై శాతం తీసుకుంటే 13 వేలు. అది కూడా ఐటీ రిటర్న్‌లో చూపించి, బ్యాంకు ఖాతాలో పడుతుంటేనే. చేతికి నగదు తీసుకుంటూ రిటర్న్‌లో చూపించని అద్దె, మేనేజర్ దృష్టిలో లేనట్టే. మొత్తం ఆదాయం 2.03 లక్షలు, ఈఎంఐలు అందులో 62 శాతం. ఈ స్థాయి జీతాలకు బ్యాంకులు 50 నుంచి 60 శాతం దగ్గర ఆపేస్తాయి. కాబట్టి ఇరవై ఏళ్ళ గడువుతో పెడితే ఫైలు అక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ. కార్ లోన్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే ఇంకా కష్టం.

ఒకవేళ ఏదో ఒక సంస్థ ఇచ్చిందే అనుకుందాం. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మియాపూర్ ఫ్లాట్‌ను అట్టే పెట్టుకోవడానికి మీకు నెలకు ఎంత ఖర్చవుతోంది? ఇప్పుడే అమ్మేస్తే 80లో బ్రోకర్‌కు ఒక శాతం, బాకీ 9 పోగా 70 వస్తుంది. మీ 15 కలిపితే 85. కొత్త ఇంటికి 63 లక్షల లోన్ చాలు. ఈఎంఐ 52,700. ఉంచుకుంటే 1,25,400. అందులోంచి అద్దె తీసేద్దాం. 22 వేలు పూర్తిగా మిగలదు. ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్, ప్రాపర్టీ ట్యాక్స్, రంగులు, ప్లంబర్, అద్దెదారు మారినప్పుడు బ్రోకర్‌కు ఇచ్చేది, ఇవన్నీ పోతే ఏడాదికి 2.10 లక్షలు మిగిలితే గొప్ప. నెలకు 17,500. అంటే మీ జేబులోంచి పోయేది 1,08,000. తేడా నెలకు 55 వేలు.

వడ్డీ వరకే తీసుకుంటే మొదటి ఏడాది ఇలా ఉంటుంది. హోమ్ లోన్ 63కు బదులు 97.5 తీసుకున్నందుకు అదనపు వడ్డీ 2.75 లక్షలు. 42 లక్షల మార్ట్‌గేజ్ వడ్డీ దాదాపు 4 లక్షలు. మొత్తం 6.75 లక్షలు. అద్దె 2.10 పోతే 4.65 లక్షల లోటు. ఈ లోటు పూడాలంటే 80 లక్షల ఫ్లాట్ ఏటా దాదాపు 6 శాతం పెరగాలి. పెరిగితే మీకు లాభం రాదు, నష్టం రాదు, అంతే. 40 లక్షల ఫ్లాట్ పన్నెండేళ్ళలో 80 అయిందంటే ఏటా పెరిగింది సరిగ్గా ఆ 6 శాతమే. అదీ కొత్తగా ఉన్నప్పటి నుంచి, మెట్రో వచ్చిన ఏరియాలో. ఇక మీదట అది పాత ఫ్లాట్. కొనేవాళ్ళు పక్కనే కొత్త టవర్లు చూస్తారు.

ఇలా అడుగుతుంటాను నేను: మీ దగ్గర ఆ ఫ్లాట్ లేదు, ఇవాళ ఎవరో వచ్చి 80 లక్షలకు ఇస్తాను, దాదాపు మొత్తం అప్పు తెచ్చి కొనుక్కో, అద్దె 22 వేలు వస్తుందంటే కొంటారా? చాలామంది వెంటనే కొనం అంటారు. మార్ట్‌గేజ్ పెట్టి ఉంచుకోవడం అంటే అదే బేరం. పేరు మాత్రం "అమ్మకుండా కాపాడుకున్నాం" అని పెట్టుకుంటాం.

పన్ను విషయంలో ఒక పెద్ద అపోహ ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. "లోన్ అద్దె ఫ్లాట్ మీద కదా, వడ్డీ మొత్తం అద్దెలోంచి తీసేసుకోవచ్చు" అని మీకు ఎవరో చెప్పారని రాశారు. తప్పు. వడ్డీ ఏ ఆస్తి తాకట్టులో ఉందో దాన్ని బట్టి కాదు, ఆ డబ్బుతో ఏం కొన్నారో దాన్ని బట్టి వెళ్తుంది. 33 లక్షలతో కొన్నది తెల్లాపూర్ ఇల్లు. కాబట్టి ఆ వడ్డీ తెల్లాపూర్ ఇంటి లెక్కలోకి వస్తుంది. మీరు అందులో ఉంటున్నారు కనుక కొత్త పన్ను విధానంలో ఒక్క రూపాయి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉంటే ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల పరిమితి, కానీ ఆ పరిమితిని మీ హోమ్ లోన్ వడ్డీయే ఎలాగూ నింపేస్తుంది. పాత 9 లక్షల బాకీ వడ్డీ మాత్రం అద్దెలోంచి తీసుకోవచ్చు, అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంటుంది. అందుకే బ్యాంకువాళ్ళు "రెండూ కలిపి ఒకే లోన్ చేసేద్దాం సార్" అన్నప్పుడు వీలైతే ఒప్పుకోకండి. పాత లోన్ ఖాతా అలాగే ఉంచి, దాని మీద టాప్‌అప్ (నడుస్తున్న లోన్ మీద అదనంగా ఇచ్చే లోన్) వేరే ఖాతాగా తీసుకుంటే లెక్క శుభ్రంగా ఉంటుంది. పైగా ఆ 9 లక్షలు హోమ్ లోన్ వడ్డీకే నడుస్తాయి. టాప్‌అప్ వడ్డీ కూడా మార్ట్‌గేజ్ లోన్ కన్నా సాధారణంగా కాస్త తక్కువే. ముందు మీ పాత బ్యాంకునే అడగండి, కాగితాలు ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

(2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. నేను కింద 54 అని రాస్తున్నది అందరికీ అలవాటైన పాత నంబరు.)

మరి అమ్మితే పన్ను పడదా? పడకుండా చేసుకోవచ్చు. ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని మరో ఇంట్లో పెడితే సెక్షన్ 54 కింద మినహాయింపు. అమ్మిన తర్వాత రెండేళ్ళ లోపు కొనొచ్చు, లేదా అమ్మడానికి ఒక ఏడాది ముందే కొని ఉండొచ్చు. ఈ రెండో మాట చాలామందికి తెలియదు, మీకు పనికొచ్చేది అదే. పెట్టాల్సింది అమ్మిన ధర మొత్తం కాదు, లాభం మాత్రమే. మీ లాభం సుమారు 40 లక్షలు, కొత్త ఇల్లు 1.30 కోట్లు. పన్ను సున్నా. ఏ కారణం వల్లనో మినహాయింపు రాకపోయినా 12.5 శాతం అంటే 5 లక్షల చిల్లర. 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) 20 శాతం పద్ధతి ఎంచుకుంటే ఇంకా తగ్గుతుంది. మినహాయింపు తీసుకున్నాక కొత్త ఇంటిని మూడేళ్ళ దాకా అమ్మకండి, అమ్మితే ఇచ్చింది వెనక్కి లాగుతారు.

ఇప్పుడు నేను చెప్పే దారి. తెల్లాపూర్ ఇల్లు చేజారకుండా ముందు అదే కొనండి. హోమ్ లోన్‌ను ముప్పై ఏళ్ళ గడువుకు పెట్టించండి, ఈఎంఐ 71,500కు దిగుతుంది. మార్ట్‌గేజ్ లేదా టాప్‌అప్ కలిపినా 1,15,000 చిల్లర, ఆదాయంలో 57 శాతం. మంచి సిబిల్ స్కోరు ఉంటే ఫైలు దాటుతుంది. ఇంటీరియర్ పని ప్రస్తుతానికి కిచెన్ వరకే చేయించుకొని మిగతాది ఆపండి. ఇంట్లో చేరిన తర్వాత తొందరపడకుండా మియాపూర్ ఫ్లాట్ మార్కెట్లో పెట్టండి, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఏడాది లోపు అమ్మకం పూర్తి కావాలి. వచ్చిన డబ్బుతో మార్ట్‌గేజ్ క్లోజ్ చేసి, మిగిలిన 37 లక్షలు హోమ్ లోన్‌లో పార్ట్ పేమెంట్ కట్టండి. బాకీ 60కి వస్తుంది. సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌కు వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపు చార్జీలు వేయకూడదు. కానీ శాంక్షన్ లెటర్‌లో ఇది "బిజినెస్ లోన్" అని గానీ, ఫిక్స్‌డ్ వడ్డీ అని గానీ రాసి ఉందేమో చూసుకోండి. ఆ ఒక్క మాట దగ్గర దెబ్బతిన్నవాళ్ళను చూశాను. కొన్ని బ్యాంకుల్లో ఇలాంటి అవసరానికే బ్రిడ్జ్ లోన్ ఉంటుంది, అదీ అడగండి.

కూకట్‌పల్లి ఫ్లాట్ ఉన్న ఒక టీచర్ దంపతులు ఇలాగే బాచుపల్లిలో కొన్నారు. మార్ట్‌గేజ్ ఈఎంఐ కట్టిన ఆ కొన్ని నెలలు ఇంట్లో బాగా టెన్షన్ పడ్డారు. కానీ ఇల్లు అమ్మాలన్న తొందర లేకపోవడం వల్ల మొదట వచ్చిన బేరానికి ఒప్పుకోకుండా ఆగగలిగారు, ఆ తేడా వాళ్ళు కట్టిన వడ్డీ కన్నా ఎక్కువే వచ్చింది. తాకట్టులో ఉన్న ఫ్లాట్ అమ్మడం కష్టమేమో అనుకోకండి. కొనేవాళ్ళ బ్యాంకు మీ బ్యాంకుకు నేరుగా చెక్కు ఇచ్చి కాగితాలు తీసుకుంటుంది, రోజూ జరిగే పనే. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5 వేలు కట్టాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. అద్దెదారుకు మాత్రం ముందే చెప్పండి, అగ్రిమెంట్‌లో ఉన్న నోటీసు ప్రకారం.

జాగ్రత్తలు కొన్ని.

మీ మియాపూర్ బిల్డింగ్ అనుమతి ఎవరిదో చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల, ముఖ్యంగా నిజాంపేట లాంటి ఒకప్పటి పంచాయతీల్లో, జీ ప్లస్ 2కి అనుమతి తీసుకొని పైన ఇంకో రెండు మూడు అంతస్తులు లేపిన అపార్ట్‌మెంట్లు లెక్కలేనన్ని. కొన్నప్పుడు ఎవరో లోన్ ఇచ్చి ఉండొచ్చు, ఇప్పుడు మార్ట్‌గేజ్‌కు వెళ్తే లీగల్ ఒపీనియన్ దగ్గర ఆగిపోతుంది. పెంట్‌హౌస్‌లదీ అదే కథ. అలాంటి ఫ్లాట్ ఉన్న ఒకాయన బ్యాంకులన్నీ కాదన్నాక ఒక ఫైనాన్స్ కంపెనీలో చాలా ఎక్కువ వడ్డీకి తీసుకున్నారు. నేనైతే అక్కడే ఆగి, చిన్న ఇల్లు చూసుకోమనేవాణ్ణి. అనుమతి సరిలేని ఫ్లాట్ అమ్మేటప్పుడు కొనేవాళ్ళకూ లోన్ రాదు, ధర మీద దెబ్బ పడుతుంది. కాబట్టి తెల్లాపూర్‌లో అడ్వాన్స్ ఇవ్వడానికి ముందే మియాపూర్ కాగితాలు తేల్చుకోండి.

తెల్లాపూర్ ఇల్లు అమ్మేవాళ్ళు కొంత బ్లాక్‌లో అడుగుతున్నారా? అడిగితే మీ లెక్క మొత్తం తలకిందులవుతుంది. బ్యాంకు డాక్యుమెంట్ విలువ మీదే ఇస్తుంది. 1.30 కోట్లలో 30 లక్షలు నగదు అంటే లోన్ 75 లక్షలకు పడిపోతుంది. 35 లక్షల లోటు కాస్తా, రిజిస్ట్రేషన్‌లో మిగిలిన రెండు లక్షల చిల్లర పోను కూడా, 55 అవుతుంది. మార్ట్‌గేజ్ లోన్ తెచ్చి ఆ డబ్బు డ్రా చేసి నగదుగా ఇవ్వడం అంటే చట్టం ముందు మీరే ఆధారం పెట్టినట్టు. రేపు అదే ఇల్లు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి పన్ను కూడా మీరే కడతారు. పూర్తి వైట్ కాకపోతే వేరే ఇల్లు చూడండి. అలాగే 50 లక్షలు, ఆపైన కొనుగోలుకు 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకొని కట్టాలి. మీ విషయంలో 1.30 లక్షలు, అది అమ్మేవాళ్ళకు ఇచ్చే ధరలోంచే.

రెండు లోన్లూ ఒకేసారి, రెండు బ్యాంకులకూ చెప్పి పెట్టండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గర తీసుకుందామని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. సిబిల్‌లో ఎంక్వైరీ కనిపిస్తుంది, చెక్కు ఇచ్చే ముందు బ్యాంకు మళ్ళీ చూస్తుంది, అక్కడ ఆగిపోతే మీరు ఇచ్చిన అడ్వాన్స్ ఇరుక్కుంటుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ ప్రీమియంను లోన్‌లో కలపనివ్వకండి, ఏడాదిలో తీర్చే అప్పుకు పదిహేనేళ్ళ ప్రీమియం ఎందుకు? టర్మ్ పాలసీ వేరేగా తీసుకోండి.

ఇక తెల్లాపూర్, కొల్లూరు వైపు రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేని ప్రీ లాంచ్ ఆఫర్లు చూసి, "సగం ధరకే వస్తోంది, ఫ్లాట్ మీద లోన్ తీసి కట్టేద్దాం" అని మనసు మారితే మాత్రం దయచేసి వద్దు. దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్ తాకట్టు పెట్టి అలా కట్టిన డాక్టర్ ఒకరు నాకు తెలుసు. ఇల్లు లేచింది లేదు, ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తూనే ఉంది.

ఎవరికి ఉంచుకోవడం సరైనదవుతుందో కూడా చెప్పాలి. పాత బాకీ లేకుండా, 10, 15 లక్షలు మాత్రమే తక్కువై, రెండు మూడేళ్ళలో బోనస్‌తోనో ఊళ్ళో పొలం డబ్బుతోనో తీర్చగలిగినవాళ్ళు టాప్‌అప్ తీసుకొని ఫ్లాట్ ఉంచుకోవచ్చు. రిటైర్మెంట్ దగ్గరపడి అద్దె మీదే బతకాలనుకునేవాళ్ళ లెక్క వేరు. మీ ఇద్దరి వయసు నలభై లోపే అన్నారు, మీ లోటు 35 లక్షలు. అందుకే మీకు ఇలా చెప్తున్నాను. లేదు, రెండూ ఉండాల్సిందే అంటే, కొత్త ఇంటి బడ్జెట్ 1.10 కోట్లకు తగ్గించి, ఇంటీరియర్ 5 లక్షలకు కుదించండి. ఈఎంఐలు 1.05 లక్షల దగ్గర ఆగుతాయి. బిగుతుగా ఉంటుంది గానీ నడుస్తుంది.

చివర్లో అడిగారు, ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంది, నా ఒక్కడి జీతం మీద మార్ట్‌గేజ్ తీసుకోవచ్చా అని. కుదరదు, ఓనర్లు ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే, బ్యాంకు మీ భార్యను కో అప్లికెంట్‌గా తీసుకుంటుంది. కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ కూడా ఇద్దరి పేరునే చేయించండి. మియాపూర్ ఫ్లాట్ అమ్మినప్పుడు లాభం ఇద్దరికీ చెరి సగం వస్తుంది. కొత్త డాక్యుమెంట్‌లో ఒకరి పేరే ఉంటే రెండో వాళ్ళ వాటా 20 లక్షలకు సెక్షన్ 54 అడగడం కష్టమవుతుంది.